ఆదేశానికి అటూ ఇటూ: విశ్వవిద్యాలయంలో అసెంబ్లీ భాష, కంప్యూటర్ ఆర్కిటెక్చర్

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇంజినీరింగ్ కళాశాలల్లో కంప్యూటర్ సైన్స్ లేదా ఎలక్ట్రానిక్స్ చదివే విద్యార్థికి రెండో, మూడో సంవత్సరాల్లో సాధారణంగా రెండు సబ్జెక్టులు ఎదురవుతాయి. ఒకటి మైక్రోప్రాసెసర్స్. దానికి అనుబంధంగా ఒక ల్యాబ్ ఉంటుంది. అక్కడ ఇంటెల్ పాత ప్రాసెసర్లయిన 8085కో 8086కో అసెంబ్లీ ప్రోగ్రాములు రాయాలి. రెండోది కంప్యూటర్ ఆర్గనైజేషన్ అండ్ ఆర్కిటెక్చర్. సీఓఏ అని అందరూ పిలిచే ఈ సబ్జెక్టును చాలాచోట్ల ల్యాబ్ లేకుండా కేవలం థియరీగానే చెబుతారు. మొదటిదాంట్లో పిన్ డయాగ్రాములు, అడ్రసింగ్ మోడ్‌లు, 8255 అనే చిప్ ద్వారా బయటి పరికరాలను కలిపే ఇంటర్‌ఫేసింగ్ ఉంటాయి. రెండోదాంట్లో బూత్ గుణకార పద్ధతి, పలు ఆదేశాలను వేర్వేరు దశల్లో ఏకకాలంలో నడిపే పైప్‌లైనింగ్, ప్రాసెసర్ పక్కనుండే చిన్న, వేగవంతమైన మెమరీకి సంబంధించిన క్యాష్ మ్యాపింగ్ ఉంటాయి. పరీక్షలు వేరు, పుస్తకాలు వేరు, బోధించే విభాగాలు సైతం తరచు వేరు. దాంతో ఈ రెండూ ఒకే విషయానికి చెందిన రెండు ముఖాలన్న సంగతి విద్యార్థి తనంతట తాను కనిపెట్టుకోవలసిన రహస్యంగా మిగిలిపోతోంది. చాలామంది కనిపెట్టకుండానే పట్టా పుచ్చుకుంటున్నారు. 8086 పాతబడిందన్న విమర్శ తరచు వినిపిస్తుంది గాని, అంతకన్నా పెద్ద లోపం ఈ విభజనలోనే ఉంది.

1964 ఏప్రిల్‌లో ఐబీఎం సంస్థ సిస్టమ్ 360 పేరుతో ఒకేసారి ఒక కంప్యూటర్ల కుటుంబాన్ని ప్రకటించింది. వాటి ధరలు వేరు, వేగాలు వేరు, లోపలి సర్క్యూట్లు వేరు. ప్రోగ్రామర్‌కు కనిపించే ఆదేశాలు, రిజిస్టర్లు (ప్రాసెసర్ లోపల విలువలు ఉంచే చిన్న గదులు) మాత్రం ఒక్కటే. అప్పటిదాకా కొత్త యంత్రం కొన్నారంటే పాత ప్రోగ్రాములను చాలావరకు తిరగరాయవలసి వచ్చేది. ప్రోగ్రామర్‌కు ఏమి కనిపించాలి, కనిపించేదాన్ని సర్క్యూట్లు ఎలా నెరవేర్చాలి అన్న రెండు ప్రశ్నలనూ అంత స్పష్టంగా విడదీసిన మొదటి పెద్ద ప్రయత్నం అది. మొదటి ప్రశ్నకు జవాబునే ఇన్‌స్ట్రక్షన్ సెట్ అంటాం. హార్డ్‌వేర్ తయారుచేసేవారికీ సాఫ్ట్‌వేర్ రాసేవారికీ మధ్య కుదిరిన రాతపూర్వక ఒప్పందం అది. ఆ ఒప్పందాన్ని మనిషి చదవగలిగే రూపంలో పెట్టేది అసెంబ్లీ భాష. ఒప్పందంలోని ప్రతి మాటనూ నిలబెట్టుకుంటూనే యంత్రం లోలోపల ఎన్ని ఉపాయాలు పన్నుతుందో చెప్పేది ఆర్కిటెక్చర్ పాఠం.

ముందుగా, అందరూ పాతదని తీసిపారేసే 8085 ట్రైనర్ కిట్ విషయమే చూడాలి. 1976లో వచ్చిన ఈ 8 బిట్ల ప్రాసెసర్ కిట్ మీద స్క్రీన్ ఉండదు, ఎడిటర్ ఉండదు. ఆదేశాల సంకేత సంఖ్యలున్న ఆప్‌కోడ్ షీట్ చూసుకుంటూ హెక్స్ (పదహారు ఆధారపు) కీప్యాడ్ మీద అంకెలు నొక్కాలి. రెండు సంఖ్యల కూడిక ప్రోగ్రామ్ ఇలా ఉంటుంది: 3ఈ, 05, 06, 03, 80, 32, 50, 20, 76. మొత్తం తొమ్మిది బైట్లు. 3ఈ అంటే తరువాతి బైట్‌ను అక్యుములేటర్ అనే ముఖ్య రిజిస్టర్‌లో వేయమని; 06 అంటే తరువాతి బైట్‌ను బీ రిజిస్టర్‌లో వేయమని; 80 అంటే బీని అక్యుములేటర్‌కు కలపమని; 32 అంటే ఫలితాన్ని చెప్పిన అడ్రస్‌లో దాచమని; 76 అంటే ఆగమని. దాచవలసిన అడ్రస్ 2050 కాగా, మెమరీలో అది 50, 20 అని తలకిందులుగా కనిపిస్తుంది. లిటిల్ ఎండియన్ అన్న మాటను విద్యార్థి నిర్వచనంగా కంఠతా పట్టకముందే వేళ్లతో నేర్చుకునే చోటు ఇది.

ఈ తొమ్మిది బైట్లలో అంతకన్నా లోతైన సంగతి ఒకటి దాగి ఉంది. ప్రోగ్రామ్‌ను మొదటి బైట్ నుంచి గాక రెండో బైట్ నుంచి నడిపితే ఏమవుతుంది? అప్పటిదాకా ఐదు అనే సంఖ్యగా ఉన్న 05 ఇప్పుడు ఆదేశంగా మారుతుంది; 8085 ఆప్‌కోడ్ పట్టికలో 05 అంటే బీ రిజిస్టర్ నుంచి ఒకటి తీసివేయమని అర్థం. ప్రాసెసర్ ఏ అభ్యంతరమూ చెప్పకుండా ఆ పని చేసి ముందుకు సాగిపోతుంది. మెమరీలో ఉన్న బైట్ డేటానా, ఆదేశమా అన్నది ఆ బైట్ మీద ఎక్కడా రాసి ఉండదని, ప్రాసెసర్ దాన్ని ఏ సందర్భంలో చదివిందన్నదే దాని అర్థాన్ని నిర్ణయిస్తుందని దీనివల్ల తెలుస్తుంది. ప్రోగ్రామునూ డేటానూ ఒకే మెమరీలో ఉంచే వాన్ నాయ్‌మన్ నమూనా గురించి సీఓఏ మొదటి యూనిట్‌లో రెండు పేజీలు చదివిన విద్యార్థికి కూడా ఈ ఒక్క ప్రయోగం ఇచ్చే అవగాహన కలగదు. అందుకని కిట్‌ను అటకెక్కించవలసిన పనిలేదు. దాని మీద చేయించే పని మారాలి. ఇరవై ప్రోగ్రాములు ఎక్కించి రికార్డు నింపించడం కన్నా, ఒకే ప్రోగ్రామ్‌ను తప్పు చోటు నుంచి నడిపించి ఫలితాన్ని వివరించమనడం ఎక్కువ నేర్పుతుంది.

కిట్ నేర్పే మరో విషయం కాలం లెక్క. పై ప్రోగ్రామ్‌లో ఆగే ఆదేశానికి ముందున్న నాలుగు ఆదేశాలకు వరుసగా 7, 7, 4, 13 చొప్పున మొత్తం 31 టీ-స్టేట్‌లు, అంటే క్లాక్ సైకిళ్లు, పడతాయి. 3 మెగాహెర్ట్జ్ క్లాక్ మీద అది దాదాపు 10 మైక్రోసెకన్లు. ఎన్నిసార్లు నడిపినా అంతే. ట్రాఫిక్ లైట్ల ప్రయోగంలో డిలే లూప్‌కు ఎంత కౌంట్ వేయాలో ఈ లెక్కతోనే కడతారు. అయితే ఇక్కడే విద్యార్థి మనసులో ఒక నమ్మకం స్థిరపడిపోతుంది: ఆదేశాలు ఒకదాని తరువాత ఒకటిగా నడుస్తాయి, ఒక్కో ఆదేశానికి పట్టే కాలం పట్టికలో ఉంటుంది. ఈ నమ్మకంలో మొదటి సగం నేటికీ ఒప్పందంలో భాగమే, అంటే ఫలితాలు అలా నడిచినట్టే రావాలి. రెండో సగం మాత్రం ఎప్పుడో చెల్లిపోయింది. ఇప్పటి ల్యాప్‌టాప్ ప్రాసెసర్‌లో మెమరీ నుంచి ఒక విలువ తెమ్మనే ఒకే ఆదేశం, ఆ విలువ మొదటి స్థాయి క్యాష్‌లో ఉంటే నాలుగైదు సైకిళ్లలో పూర్తవుతుంది; ప్రధాన మెమరీ దాకా వెళ్లవలసి వస్తే వందల సైకిళ్లు తీసుకుంటుంది. ఆదేశాన్ని మాత్రమే చూసి కాలాన్ని చెప్పడం అసాధ్యమైపోయింది. ఈ మార్పు ఎందుకు వచ్చిందో వివరించడమే ఆర్కిటెక్చర్ సబ్జెక్టు చేయవలసిన అసలు పని.

ఆ వివరణకు మొదటి మెట్టు 8086లోనే ఉంది. 1978లో విడుదలైన ఈ 16 బిట్ల ప్రాసెసర్‌లో బస్ ఇంటర్‌ఫేస్ యూనిట్, ఎగ్జిక్యూషన్ యూనిట్ అని రెండు భాగాలు ఉంటాయి. ఎగ్జిక్యూషన్ యూనిట్ ఒక ఆదేశాన్ని అమలు చేస్తుండగానే బస్ యూనిట్ రాబోయే ఆదేశాల బైట్లను తెచ్చి ఆరు బైట్ల క్యూలో పెడుతుంది. "8086 అంతర్నిర్మాణాన్ని చక్కని పటంతో వివరించండి" అన్న ప్రశ్నకు జవాబుగా ఈ రెండు భాగాలనూ ఏటా వేలమంది విద్యార్థులు గీస్తారు. షరతుతో కూడిన జంప్ ఆదేశానికి, జంప్ జరగకపోతే 4 క్లాక్‌లు, జరిగితే 16 క్లాక్‌లు పడతాయని అదే సబ్జెక్టులోని కాలపట్టిక చెబుతుంది. ఈ రెండింటినీ కలిపి చూసేవారు తక్కువ. జంప్ జరిగితే క్యూలో ముందే తెచ్చిపెట్టిన బైట్లు పనికిరావు. వాటిని పారబోసి కొత్త చోటు నుంచి మళ్లీ తెచ్చుకోవాలి. ఆ 12 క్లాక్‌ల తేడాలో అధిక భాగం దానికి చెల్లించే మూల్యమే. మరో సెమిస్టర్‌లో, మరో అధ్యాపకుని వద్ద, కంట్రోల్ హజార్డ్ అన్న పేరుతో విద్యార్థి చదివేది సరిగ్గా ఇదే సమస్య. నేటి ప్రాసెసర్లలో జంప్ జరుగుతుందో లేదో ముందే అంచనా వేసే బ్రాంచ్ ప్రెడిక్టర్ ఊహ తప్పితే పదిహేను, ఇరవై సైకిళ్ల పని వృథా కావడం కూడా దీని కొనసాగింపే. ఒకే విషయాన్ని రెండు సబ్జెక్టులు రెండు పేర్లతో చెబుతున్నా, ఆ రెండూ ఒకటేనని ఏ ప్రశ్నపత్రమూ అడగదు.

8086లో అందరినీ తికమకపెట్టే సెగ్మెంట్ల వ్యవహారం కూడా కారణం చెబితే తేలికే. ప్రాసెసర్ రిజిస్టర్లు 16 బిట్లవి. వాటితో 65,536 బైట్లనే చేరుకోగలం. అడ్రస్ లైన్లు మాత్రం 20, అంటే 10,48,576 బైట్లు. ఈ అంతరాన్ని పూడ్చడానికి సెగ్మెంట్ విలువను పదహారుతో గుణించి ఆఫ్‌సెట్‌ను కలిపే పద్ధతి పెట్టారు. హెక్స్‌లో సెగ్మెంట్ 1234, ఆఫ్‌సెట్ 0005 అయితే అసలు అడ్రస్ 12345. సెగ్మెంట్ 1000, ఆఫ్‌సెట్ 2345 అయినా అదే 12345. ఒకే మెమరీ గదికి వేలాది చిరునామాలు ఏర్పడటం ఈ ఏర్పాటు ఫలితం. ఇది ఆ కాలపు పరిమితులకు కుదుర్చుకున్న సర్దుబాటు అని చెప్పకుండా, ప్రకృతి నియమంలా సూత్రం ఇచ్చి లెక్కలు చేయించడం వల్ల, అసెంబ్లీ అంటే అర్థంలేని నియమాల మూట అన్న అభిప్రాయం విద్యార్థులలో బలపడుతోంది.

ల్యాబ్‌లో పరిస్థితి ఇంకొంచెం విచిత్రంగా ఉంటుంది. 16 బిట్ల డాస్ ప్రోగ్రాములను 64 బిట్ల విండోస్ నడపదు కాబట్టి, మాస్మ్ అనే అసెంబ్లర్‌ను, డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్‌ను అనుకరించే డాస్‌బాక్స్ లోపల నడిపిస్తారు. ప్రతి ప్రోగ్రామ్ చివర ఏహెచ్ రిజిస్టర్‌లో 4సీ వేసి ఇంటరప్ట్ 21 పిలవాలని చెబుతారు. ఎందుకని వైవాలో అడిగితే ప్రోగ్రామ్ ఆగడానికి అని జవాబు వస్తుంది. నిజానికి అది ఆపరేటింగ్ సిస్టమ్‌ను సేవ కోరడం. ఇప్పటి లినక్స్‌లో ఫైల్ తెరిచినా, తెర మీద అక్షరం పడినా, ప్రోగ్రామ్ ముగిసినా జరిగేది అదే పని: ఒక రిజిస్టర్‌లో సేవ సంఖ్యను పెట్టి, ప్రత్యేకమైన ఒక ఆదేశంతో నియంత్రణను ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నల్‌కు అప్పగించడం. ఆ పోలికను ఒక్క వాక్యంలో చెబితే డాస్ అనే అంతరించిన వ్యవస్థ మీద చేసిన సాధన కూడా వృథా కాదు, ఆపరేటింగ్ సిస్టమ్స్ సబ్జెక్టుకు పునాది అవుతుంది. చెప్పకపోతే అది ఒక మంత్రంగా మిగులుతుంది.

అసెంబ్లీ అన్నిటికన్నా బాగా నేర్పగలిగేది, విలువకు తనంతట తానుగా రకం ఉండదన్న సత్యాన్ని. ఎనిమిది బిట్ల 11001000ను తీసుకుంటే, గుర్తు లేని సంఖ్యగా అది 200. రుణ సంఖ్యలనూ సూచించే టూస్ కాంప్లిమెంట్ పద్ధతిలో అది మైనస్ 56. దాన్ని 100తో పోల్చినప్పుడు ప్రాసెసర్ చేసేది ఒక్కటే తీసివేత. ఫలితంగా, లెక్క తీరును గుర్తుపెట్టే ఒక్కో బిట్ ఫ్లాగ్‌లలో క్యారీ ఫ్లాగ్ సున్నా అవుతుంది, ఓవర్‌ఫ్లో ఫ్లాగ్ ఒకటి అవుతుంది, సైన్ ఫ్లాగ్ సున్నా అవుతుంది. గుర్తు లేని సంఖ్యలకు ఉద్దేశించిన జంప్ ఆదేశం క్యారీని చూసి మొదటిది పెద్దదంటుంది. గుర్తున్న సంఖ్యలకు ఉద్దేశించిన జంప్, సైన్, ఓవర్‌ఫ్లో ఫ్లాగ్‌లు వేర్వేరుగా ఉండటం చూసి మొదటిది చిన్నదంటుంది. రెండూ నిజమే. సీ భాషలో సైన్డ్, అన్‌సైన్డ్ విలువలను కలిపి పోల్చినప్పుడు పుట్టే దోషాలు ఎక్కడి నుంచి వస్తాయో ఈ ఒక్క ఉదాహరణ తెలుపుతుంది. ఫ్లాగ్ రిజిస్టర్ పటాన్ని గీయించే ప్రశ్న ఆ దరిదాపులకు కూడా పోదు.

ఫంక్షన్ పిలుపు, స్టాక్ (చివర పెట్టినదాన్ని ముందు తీసే మెమరీ భాగం) గురించి మాత్రం కోర్సులో ఎంత సమయం వెచ్చించినా ఎక్కువ కాదు. సీలోగాని పైథాన్‌లోగాని రికర్షన్ రాసిన విద్యార్థికి, ఫంక్షన్ తనను తాను పిలుచుకున్నప్పుడు పాత విలువలు ఎక్కడ నిలిచి ఉంటాయో సాధారణంగా తెలియదు. అసెంబ్లీలో ఆ ప్రశ్నను దాటవేయడం కుదరదు. 8086లో కాల్ ఆదేశం తిరిగి రావలసిన అడ్రస్‌ను తానే స్టాక్ మీద పెడుతుంది. రిస్క్-ఫైవ్ అనే కొత్త ఇన్‌స్ట్రక్షన్ సెట్‌లో అలా కాదు. ఆ అడ్రస్ ఆర్‌ఏ అనే రిజిస్టర్‌లో పడుతుంది, లోపల మరో ఫంక్షన్‌ను పిలిస్తే అది చెరిగిపోతుంది కనుక ముందే స్టాక్ మీద దాచుకోవలసిన బాధ్యత ప్రోగ్రామర్‌ది. ఫ్యాక్టోరియల్‌ను రికర్షన్‌తో రాసి, ఆర్‌ఏను దాచడం మరచిపోతే ప్రోగ్రామ్ తిరిగి రాకుండా అక్కడక్కడే తిరుగుతూ ఉండిపోతుంది. ఈ దోషాన్ని సిమ్యులేటర్‌లో ఒక్కో అడుగు వేయిస్తూ పట్టుకున్న విద్యార్థికి కాలింగ్ కన్వెన్షన్ అంటే ఏమిటో, ఏ రిజిస్టర్‌ను పిలిచినవాడు కాపాడుకోవాలో, ఏది పిలిపించుకున్నవాడు కాపాడాలో వేరే చెప్పనక్కరలేదు.

ఇదే స్టాక్ మీద స్థానిక అర్రేలూ, తిరిగి రావలసిన అడ్రసూ పక్కపక్కనే ఉంటాయన్న విషయం నుంచి కంప్యూటర్ భద్రత అనే పెద్ద అధ్యాయం మొదలవుతుంది. 1988 నవంబరులో రాబర్ట్ మోరిస్ అనే పరిశోధక విద్యార్థి వదిలిన, తనంతట తాను వ్యాపించే వర్మ్, వినియోగదారుల వివరాలు చెప్పే ఫింగర్ సర్వీసులోని 512 బైట్ల బఫర్‌లో పట్టేదానికన్నా ఎక్కువ డేటాను పంపి, తిరిగి వచ్చే అడ్రస్‌ను తనకు కావలసినట్టు మార్చింది. పంపిన బైట్లు డేటాగా లోపలికి వెళ్లి ఆదేశాలుగా నడిచాయి. 8085 కిట్ మీద 05 ఆదేశంగా మారినప్పుడు కనిపించిన సూత్రమే ఇక్కడ దాడిగా పనిచేసింది. సైబర్ సెక్యూరిటీని ఎంచుకునే విద్యార్థుల సంఖ్య పెరుగుతున్న ఈ రోజుల్లో, స్టాక్ ఫ్రేమ్‌ను కాగితం మీద గీయలేని వారికి సాధనాల పేర్లు నేర్పడం వల్ల ఒరిగేది చాలా తక్కువ.

మొదటి అసెంబ్లీ భాషగా దేన్ని నేర్పాలన్న ప్రశ్నకు ఇప్పుడు బలమైన జవాబు రిస్క్-ఫైవ్. 1980ల తొలినాళ్లలో బర్కిలీలో డేవిడ్ ప్యాటర్సన్, స్టాన్‌ఫర్డ్‌లో జాన్ హెన్నెసీ నడిపిన పరిశోధనలు సరళమైన ఆదేశాలతో పనిచేసే రిస్క్ ప్రాసెసర్లకు బాట వేశాయి. అందుకు వారిద్దరికీ 2017 ట్యూరింగ్ అవార్డు దక్కింది. ఆ బర్కిలీలోనే 2010లో రిస్క్-ఫైవ్ మొదలైంది. దాని 32 బిట్ల ప్రాథమిక రూపంలో ఉన్న ఆదేశాలు 40 మాత్రమే; ప్రతిదీ సరిగ్గా నాలుగు బైట్లు; 32 రిజిస్టర్లలో సున్నా సంఖ్య గల రిజిస్టర్ విలువ ఎప్పుడూ సున్నాయే. 8086 ఆదేశాలు ఒక బైట్ నుంచి ఆరు బైట్ల దాకా రకరకాలుగా ఉంటాయి కాబట్టి వాటిని విప్పి చదివే సర్క్యూట్‌ను తరగతిలో గీయడం కష్టం. రిస్క్-ఫైవ్‌కైతే ఒక సెమిస్టర్‌లోనే విద్యార్థి సర్క్యూట్లను వర్ణించే వెరిలాగ్ భాషలో చిన్న ప్రాసెసర్‌ను స్వయంగా రాసి, కావలసిన సర్క్యూట్‌గా మలచుకోగల ఎఫ్‌పీజీఏ బోర్డు మీద తాను రాసిన అసెంబ్లీ ప్రోగ్రామ్‌నే నడపగలడు. ఒప్పందానికి రెండు వైపులా ఒకే చేయి పనిచేసే అవకాశం అది. ఈ ఇన్‌స్ట్రక్షన్ సెట్‌ను వాడుకోవడానికి ఎవరికీ లైసెన్సు రుసుము చెల్లించనక్కరలేదు. అందువల్లనే ఐఐటీ మద్రాస్‌లో శక్తి ప్రాసెసర్లు, ప్రభుత్వ పరిశోధన సంస్థ సీ-డాక్‌లో వేగా ప్రాసెసర్లు దీని ఆధారంగా రూపొందాయి. శక్తి చిప్‌లలో ఒకటి 2018లో చండీగఢ్ పక్కనే మొహాలీలో ఉన్న సెమీకండక్టర్ లేబొరేటరీలో 180 నానోమీటర్ల టెక్నాలజీతో తయారైంది. హైదరాబాద్‌లో ఇంటెల్, ఏఎండీ, క్వాల్‌కామ్ వంటి సంస్థల డిజైన్ కేంద్రాలు ఉన్నాయి. కొత్త ప్రాసెసర్ ఒప్పందానికి కట్టుబడి ఉందో లేదో పరీక్షించే వెరిఫికేషన్ పనిలో అసెంబ్లీ పరీక్షా ప్రోగ్రాములు నిత్యావసరం కాబట్టి, ఈ చదువు ఉద్యోగానికి పనికిరాదన్న మాటలో నిజం లేదు.

సీఓఏలో పైప్‌లైన్ పాఠం సాధారణంగా ఒక పటంతో మొదలై ఒక సూత్రంతో ముగుస్తుంది. ఐదు దశల పైప్‌లైన్‌లో ఐదు ఆదేశాలు 25 సైకిళ్లకు బదులు 9 సైకిళ్లలో పూర్తవుతాయన్న లెక్క అందరికీ వస్తుంది. అసెంబ్లీ రాయడం వచ్చిన విద్యార్థి చేత ఇంకో అడుగు వేయించవచ్చు. మెమరీ నుంచి విలువ తెచ్చిన వెంటనే తరువాతి ఆదేశంలోనే దాన్ని వాడితే, ఫలితాన్ని నేరుగా తరువాతి ఆదేశానికి అందించే ఫార్వర్డింగ్ ఉన్నా ఒక సైకిల్ ఆగక తప్పదు. మధ్యలో సంబంధం లేని ఒక ఆదేశాన్ని జరిపితే ఆ ఆగుడు మాయమవుతుంది. రైప్స్ వంటి ఉచిత సిమ్యులేటర్‌లో ఆదేశాలు దశలు దాటడం కంటికి కనిపిస్తుంది, సైకిళ్ల సంఖ్య తగ్గడం లెక్కకు అందుతుంది. కంపైలర్ ఆదేశాల వరుసను ఎందుకు మారుస్తుందో అప్పుడు అడగకుండానే తెలుస్తుంది.

క్యాష్ విషయంలో సిమ్యులేటర్ కూడా అక్కరలేదు, విద్యార్థి సొంత ల్యాప్‌టాప్ చాలు. 1024 వరుసలు, 1024 నిలువులు ఉన్న నాలుగు బైట్ల పూర్ణాంకాల మ్యాట్రిక్స్‌ను సీలో తీసుకుని, ఒకసారి వరుసల వెంబడి, మరోసారి నిలువుల వెంబడి కూడితే మొత్తం ఒకటే వస్తుంది, పట్టే కాలం మాత్రం బాగా తేడాగా ఉంటుంది. క్యాష్‌లోకి ఒక్కసారిగా వచ్చే ముక్క, అంటే క్యాష్ లైన్, 64 బైట్లు కనుక వరుసల వెంబడి వెళ్తే ఒకసారి తెచ్చిన లైన్ పదహారు సంఖ్యలకు పనికొస్తుంది. నిలువుగా వెళ్తే ప్రతి సంఖ్యకూ కొత్త లైన్ కావాలి. ఇక్కడిదాకా పాఠ్యపుస్తకం చెబుతుంది. అసలు ఆసక్తికరమైనది ఆ తరువాత ఉంది. 32 కిలోబైట్ల, 8 మార్గాల మొదటి స్థాయి క్యాష్‌లో ఎనిమిదేసి లైన్లు పట్టే 64 సెట్‌లు ఉంటాయి. మ్యాట్రిక్స్‌లో ఒక్కో వరుస 4096 బైట్లు, అంటే సరిగ్గా 64 సెట్‌లను 64 బైట్లతో గుణిస్తే వచ్చే సంఖ్య. దాంతో ఒక నిలువులోని 1024 సంఖ్యలూ ఒకే సెట్‌లో పడతాయి, ఆ సెట్‌లో పట్టేది ఎనిమిది లైన్లే. మిగిలిన 63 సెట్‌లు ఖాళీగా ఉన్నా ఉపయోగం లేదు. వరుస పొడవును 1024 నుంచి 1040కి పెంచితే ఈ ఇరుకు తగ్గి లైన్లు అన్ని సెట్‌లకూ సర్దుకుంటాయి. మ్యాట్రిక్స్ పెద్దదైనా నిలువు కూడిక వేగం పెరిగే అవకాశం ఉందన్నమాట. ట్యాగ్, ఇండెక్స్, ఆఫ్‌సెట్ అంటూ అడ్రస్‌ను మూడు ముక్కలు చేసే పరీక్ష లెక్కకు ప్రాణం వచ్చేది ఇటువంటి ప్రయోగంతోనే. ఆ లెక్కను మార్కుల కోసం చేసినవారిలో ఎంతోమందికి అది తమ ప్రోగ్రామ్ వేగాన్ని నిర్ణయిస్తుందని ఎవరూ చెప్పి ఉండరు.

ఒప్పందంలో ఫలితాల గురించి మాట ఉంది గాని కాలం గురించి లేదు. ఈ ఖాళీ ఎంత ప్రమాదకరమో 2018 జనవరిలో వెల్లడైన స్పెక్టర్, మెల్ట్‌డౌన్ లోపాలు చూపించాయి. ప్రాసెసర్ ఊహ మీద ముందుగానే అమలు చేసి, ఊహ తప్పిందని తేలాక ఫలితాలను రద్దు చేసినా, ఆ తొందరలో క్యాష్‌లోకి వచ్చిన లైన్లు అక్కడే ఉండిపోతాయి; ఏ అడ్రస్ త్వరగా అందుతోందో కొలిస్తే రహస్య విలువలను ఊహించవచ్చు. మెల్ట్‌డౌన్ విషయంలో రిజిస్టర్ల స్థాయిలో ఒప్పందం అక్షరాలా పాటించబడింది, రహస్యం మాత్రం బయటికి పొక్కింది. బ్రాంచ్ ప్రెడిక్షన్, ఆదేశాలను వరుస తప్పించి నడిపే అవుట్ ఆఫ్ ఆర్డర్ అమలు, క్యాష్ అనే మూడు వేర్వేరు పాఠాలు కలిసి ఒకే సంఘటనగా మారిన ఇంతకన్నా మంచి ఉదాహరణ ఈ సబ్జెక్టులో లేదు.

అసెంబ్లీలో పెద్ద ప్రోగ్రాములు రాయగలగాలా అని అడిగితే, ఎక్కువమందికి అవసరం లేదనే చెప్పాలి. కెర్నల్‌లో ప్రాసెస్ మార్పిడి, బూట్ కోడ్, ఎఫ్ఎఫ్ఎంపెగ్ వంటి వీడియో సాఫ్ట్‌వేర్‌లో అత్యంత వేగం కావలసిన భాగాలు నేటికీ చేతితో రాసిన అసెంబ్లీలోనే ఉన్నాయి, కానీ వాటిని రాసేవారు కొద్దిమంది. అందరికీ కావలసింది చదవగలగడం. సీ ఫంక్షన్‌ను కంపైల్ చేసి వచ్చిన అసెంబ్లీని చూడటానికి ఇప్పుడు బ్రౌజర్‌లో కంపైలర్ ఎక్స్‌ప్లోరర్ ఉంది, లినక్స్‌లో ఆబ్జ్‌డంప్ ఉంది. ఒక అన్‌సైన్డ్ సంఖ్యను 10తో భాగించే ఫంక్షన్ రాసి చూస్తే, ఆప్టిమైజేషన్ ఉన్నప్పుడు భాగహార ఆదేశమే కనిపించదు. 3435973837తో గుణించి, ఫలితాన్ని 35 బిట్లు కుడికి జరిపిన ఆదేశాలు కనిపిస్తాయి. రెండు ఘాతం 35ను పదితో భాగిస్తే వచ్చేదాన్ని పైకి సవరించిన సంఖ్య అది. భాగహార సర్క్యూట్ గుణకార సర్క్యూట్ కన్నా ఎందుకు నెమ్మదో చదివిన విద్యార్థికి ఈ మార్పులో తర్కం దొరుకుతుంది, చదవనివారికి అది అంతుచిక్కని అంకె. 8086 ల్యాబ్‌లో అంకెల క్రమబద్ధీకరణ, స్ట్రింగ్ తిరగవేయడం వంటి ప్రోగ్రాములను సీనియర్ల రికార్డులోంచి దించుకోవడానికి పోయే కాలంలో సగం ఇటువంటి పఠనానికి మళ్లిస్తే, సబ్జెక్టు మీద ఉన్న భయం కూడా తగ్గుతుంది.

పరీక్షల తీరు మారకుండా ఇవేవీ నిలబడవు, ఎందుకంటే విద్యార్థులు చదివేది ప్రశ్నపత్రాన్ని బట్టే. ఈ విషయంలో గేట్ పరీక్ష కొంత మెరుగు. కంప్యూటర్ సైన్స్ గేట్ సిలబస్‌లో మెషిన్ ఆదేశాలు, అడ్రసింగ్ మోడ్‌లు, పైప్‌లైన్ హజార్డ్‌లు, మెమరీ శ్రేణి ఉన్నాయే గాని ఏ ఒక్క ప్రాసెసర్ పేరూ లేదు. ఊహాత్మకమైన ఒక యంత్రాన్ని ఇచ్చి, దాని ఆదేశాలను అక్కడే నిర్వచించి, ఈ ప్రోగ్రామ్ ముగిశాక ఈ రిజిస్టర్‌లో ఏముంటుందని అడుగుతారు. కంఠస్థం అక్కడ అక్కరకు రాదు. విశ్వవిద్యాలయ పరీక్షల్లో కూడా ఇరవై వరుసల అసెంబ్లీని ఇచ్చి, అది ఏ సీ ఫంక్షన్‌కు సమానమో రాయమనవచ్చు. అదే ఇరవై వరుసలు ఐదు దశల పైప్‌లైన్‌లో ఎక్కడెక్కడ ఆగుతాయో గుర్తించమనవచ్చు. అందులోని లూప్ తాకే అడ్రసులలో ఎన్ని క్యాష్‌లో దొరకవో లెక్కించమనవచ్చు. ఒక్క ప్రశ్నలో రెండు సబ్జెక్టులూ వచ్చేస్తాయి, మూల్యాంకనం కూడా పిన్ డయాగ్రామ్ దిద్దినంత తేలికే. వైవాలో ఎక్స్‌టర్నల్ అధ్యాపకులు 8086కు పిన్‌లు ఎన్ని అని అడగడం మాని, విద్యార్థి సొంత రికార్డులోని ఒక వరుసను కొట్టివేసి, ఇప్పుడు ఏమవుతుందని అడిగితే, ఆ ప్రోగ్రామ్ దించుకున్నదా, రాసుకున్నదా అన్నది కూడా రెండు నిమిషాల్లో తేలుతుంది.